కువైటు డబ్బా, ఉదయగిరి గోంగూర

క్రిస్మస్ ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద మాంసం ఉడుకుతున్న వాసన రావాలి. మన పల్లె సంఘాల్లో పండుగ అంటే అదే. ఏడాదంతా సంగటి, చారుతో గడిచినా ఆ ఒక్కరోజుకు కోడో, పొట్టేలులో ఒక పాలో ఉండి తీరాలి. 1990లో ఉదయగిరిలోని మా ఇంట్లో ఆ రెండూ లేవు. ఉన్నదల్లా ఒక రేకు డబ్బా.

ఆ డబ్బా సంగతి చెప్పాలంటే ముందు మా చిన్నమ్మ సంగతి చెప్పాలి. ఆమెను ఆత్మకూరుకు ఇచ్చాము. మన మెట్ట ప్రాంతం నుండి ఎందరో వెళ్లినట్టే ఆమె కూడా కువైటుకు ఇంటిపనికి వెళ్లింది. వెళ్లడానికి చేసిన అప్పు తీరకముందే, 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటులో ప్రవేశించింది. పనులు పోయాయి. జీతాలు ఆగిపోయాయి. మనవాళ్లు బస్సులు పట్టుకొని, ఇరాకు మీదుగా ఎడారి దాటి జోర్డాను దేశంలోని అమ్మాను నగరం చేరారు. అక్కడినుండి ఎయిర్ ఇండియా విమానాలు రెండు నెలలపాటు 488 సార్లు ఎగిరి లక్షమందికి పైగా జనాన్ని బొంబాయికి చేర్చాయి. అంతమందిలో మా చిన్నమ్మ కూడా ఉన్నందుకు ప్రభువుకు స్తోత్రాలు చెల్లించాము.

ఆమె చేతిలో ఒకే సంచి. అందులో రెండు చీరలు, బైబిలు, ఒక మాంసం డబ్బా. దారిలో ఎండు రొట్టెలు, డబ్బా మాంసం తిని ప్రాణాలు నిలుపుకున్నారట. రేపు ఏమవుతుందోనని చివరి డబ్బాను ఆమె దాచుకుంది. బొంబాయిలో దిగినా, నెల్లూరులో దిగినా ఆ భయం మాత్రం దిగలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ డబ్బాను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మాటలు తగ్గిపోయాయి. ఆదివారం గుడికి రమ్మంటే తలనొప్పి అనేది. అప్పు ఇచ్చినవాళ్లు గుడి వాకిట్లో కనబడతారని ఆమె బాధ. "కువైటుకు పోయి ఏం తెచ్చినావమ్మే?" అని వాళ్లలో ఒకామె అననే అన్నది.

పండుగనాడు పొద్దున్నే మా అవ్వ, "ఇంట్లో మాంసం లేదని ఎవరన్నారు? ఆ డబ్బా ఇట్లా తీసుకురా తల్లీ" అంది. చిన్నమ్మ కాసేపు కదలలేదు. తరువాత లేచి తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది.

ఇక విప్పడం ఎట్లా? ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రాలు ఏర్పడ్డాయి. చిన్నప్పుడు మిషను బంగళాలో దొరసాని డబ్బా విప్పుతుంటే చూశానని అవ్వ పెద్దరికం తీసుకుంది. ఆమె చూసింది బిస్కత్తుల డబ్బా అని తరువాత తేలింది! మాంసం డబ్బాకు పక్కన చిన్న తాళంచెవి అతికించి ఉంటుంది. దానితో రేకును చుట్టుకుంటూ పోవాలి. మా డబ్బా చెవి ఎడారిలో ఎక్కడ రాలిపోయిందో! కత్తి మొన వంగింది. నాయన బండరాయి ఎత్తితే అమ్మ అడ్డుపడింది. చివరికి పక్కింటి సాయిబు మామ ఉలి, సుత్తి పట్టుకొని వచ్చాడు. ఉదయగిరికి పేరు తెచ్చిన కొయ్య గరిటెలు చెక్కేది ఆ చేతులే. డబ్బా మీది అరబ్బీ అక్షరాలు కూడబలుక్కొని చదివి, "హలాలేనవ్వా. మాక్కూడా ఒక గరిటె తీసిపెట్టు" అంటూ నాలుగు దెబ్బల్లో విప్పేశాడు.

ఉలి పట్టినందుకు మేము సిగ్గుపడనక్కరలేదు. ఫ్రాన్సులో నికొలా అప్పేర్ అనే వంటవాడు ఆహారాన్ని సీసాల్లో బిగించి, మరిగే నీటిలో ఉడికించి నిలవచేసే పద్ధతి కనిపెట్టి, 1810లో 12,000 ఫ్రాంకుల బహుమానం పొందాడు. ఆ ఏడే ఇంగ్లండులో రేకు డబ్బాకు పేటెంటు వచ్చింది. కాని డబ్బా కోసే పరికరానికి అమెరికాలో పేటెంటు 1858లో గాని రాలేదు. అంతవరకు సిపాయిలకూ నావికులకూ ఉలి, సుత్తే గతి.

లోపల ఎర్రని ముద్ద, దాని చుట్టూ తెల్లని కొవ్వు. "ఏందబ్బా ఇది, ఇటుకరాయి మాదిరి ఉండాది!" అన్నాడు తమ్ముడు. తూకం 340 గ్రాములు. తినేవాళ్లం 14 మందిమి. అమ్మ పచ్చిమాంసానికి చేసినట్టే ఉప్పు, కారం, అల్లం, వెల్లుల్లి దట్టించి గంటసేపు ఉడికించింది. మూత తీస్తే ముక్క లేదు, ఎముక లేదు, అంతా గంజి. రుచి చూసిన నాయన ఒక్క మాట అనకుండా చెంబెడు నీళ్లు తాగాడు. అది ముందే ఉప్పులో ఊరి, ముందే ఉడికి వచ్చిన పెద్దమాంసమని మాకేం తెలుసు? దాన్ని కార్న్‌డ్ బీఫ్ అంటారు. ఆ పేరులోని 'కార్న్' మొక్కజొన్న కాదు, గింజలంతటి ఉప్పురాళ్లు!

ఉప్పు విరగడానికి నీళ్లు పోశారు. నీళ్లకు తోడు ఉర్లగడ్డలు వేశారు. జిడ్డు విరగడానికి దొడ్లో గోంగూర కోసి వేశారు. సాయిబు మామ ఇచ్చిన కొత్త కొయ్య గరిటెతో అవ్వ తిప్పుతూ ఉంటే చిన్న డబ్బా పెద్ద కుండ నిండా అయింది. అద్భుతం జరిగిందని మేము అనము. అందులో ముప్పాతికపాళ్లు గోంగూరే!

వాసనకు వీధి వీధంతా వచ్చింది. అప్పు ఇచ్చినామె కూడా వచ్చింది. అవ్వ ఆమెను ముందు కూర్చోబెట్టి, చిన్నమ్మ చేతనే వడ్డించింది. ఆమె ఒక ముద్ద తిని, "కువైటులో ఇట్లనే వండుతారా?" అని అడిగింది. అన్ని రోజులుగా నోరు విప్పని చిన్నమ్మ, "అక్కడ ఇట్లా వండింటే సద్దాం రాకముందే నన్ను ఇంటికి పంపించేవాళ్లు వదినా!" అంది. ముందు అప్పు ఇచ్చినామె నవ్వింది, ఆ తరువాత అందరం నవ్వాము. ఆ నవ్వులోనే చిన్నమ్మ ఎడారి దారి సంగతులన్నీ మొదటిసారి చెప్పింది. విన్నవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "అప్పు ఎక్కడికీ పోదులే, నువ్వు తిరిగొచ్చినావు, అది చాలు" అని వదినమ్మ చెయ్యి కడుక్కుంది. తరువాతి ఆదివారం ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు.

డబ్బా మాంసాన్ని తమ వంటలోకి తెచ్చుకున్నది మేమొక్కరమే కాదు. 1950-53 యుద్ధం తరువాత కొరియాలో జనం అమెరికా సైనిక శిబిరాల డబ్బా మాంసాన్ని తమ కారపు క్యాబేజీ ఊరగాయతో కలిపి పులుసు కాచుకున్నారు. వాళ్లకు ఆ ఊరగాయ ఎట్లాగో మాకు గోంగూర అట్లాగ.

మీ ఇంటికి అటువంటి డబ్బా వస్తే మా పాఠం గుర్తుంచుకోండి. వేరే ఉప్పు వేయవద్దు. కూర అంతా ఉడికాక చివర్లో వేసి, వేడెక్కగానే దించండి. డబ్బా ఉబ్బి ఉన్నా, కారుతున్నా రుచి కూడా చూడకుండా పారవేయండి, అది విషం కావచ్చు.

నిర్గమకాండములో రేపటికని దాచుకున్న మన్నాకు పురుగులు పట్టాయి. అయితే దేవుని ఆజ్ఞ చొప్పున ఒక పాత్రలో ఉంచిన మన్నా తరతరాలకు సాక్ష్యంగా నిలిచింది. భయంతో దాచడం వేరు, జ్ఞాపకానికి ఉంచడం వేరు. చిన్నమ్మ భయంతో దాచిన మాంసాన్ని వీధంతా తిన్నాము. ఖాళీ డబ్బాను ఆమె కడిగి ఉంచుకుంది. ప్రతి క్రిస్మస్‌కు ఆత్మకూరులోని వాళ్ల ఇంట్లో అందులోనే కొవ్వొత్తి వెలిగిస్తారు. ఈ పండుగకు మీ ఇంట్లో మాంసం ఉన్నా లేకపోయినా, గుడికి రావడానికి ముఖం చెల్లని వాళ్లెవరైనా మీ వీధిలో ఉన్నారేమో చూడండి. వాళ్లను పిలిచి, ముందు వాళ్లకే వడ్డించండి.