వేలి నొక్కుడుతో పుట్టే కరెంటు

ఒక పాఠకుడు రాశారు: "మా పాత ఆఫీసులో గోడ పగలగొట్టకుండానే కొత్త స్విచ్‌లు పెట్టారు. కుతూహలం కొద్దీ ఒకటి ఊడదీసి చూశాను. వెనక తీగ లేదు, లోపల బ్యాటరీ లేదు. నొక్కితే లైటు వెలుగుతోంది. ఎలా?"

పాత భవనాల్లో కరెంటు పొదుపుకు పెద్ద అడ్డం గోడే. కిటికీ పక్క ట్యూబులూ, లోపలి మూల ట్యూబులూ ఒకే స్విచ్ మీద ఉంటాయి. మిట్టమధ్యాహ్నం కూడా అన్నీ వెలగాల్సిందే. వాటిని విడదీయాలంటే గోడకు గాడి కొట్టి, పైపు వేసి, తీగ లాగి, మళ్లీ ప్లాస్టరింగు చేయాలి. రేడియో ఆ బాధ తప్పిస్తుంది. లైటు దగ్గర ఒక రిసీవరు, గోడకు అతికించిన స్విచ్ ఉంటే చాలు.

ఇక అసలు అద్భుతం ఆ స్విచ్‌లోనే ఉంది. లోపల చిన్న అయస్కాంతం, తీగచుట్ట. తీగచుట్టలో అయస్కాంత క్షేత్రం మారితే విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. అయితే ఎంత వేగంగా మారితే అంత వోల్టేజి. మరి ఒకరు నెమ్మదిగా నొక్కుతారు, ఒకరు గట్టిగా కొడతారు. నెమ్మదైన వేలితో రేడియో నడవదు. అందుకే మధ్యలో స్ప్రింగు పెట్టారు. వేలి బలమంతా ముందు అందులో చేరుతుంది. హద్దు దాటగానే ఎలుకల బోను పడ్డట్టు అది టక్కున విడివడి, అయస్కాంత క్షేత్రం దిశను ఒక్కసారిగా తిప్పేస్తుంది. వేలు ఎవరిదైనా పుట్టే కరెంటు ఒకటే. మీకు వినిపించే 'టక్' ఆ తిరుగుడుదే. వేలు తీసినప్పుడు క్షేత్రం వెనక్కి తిరుగుతుంది, మరోసారి కరెంటు పుడుతుంది. నొక్కి పట్టుకుని వెలుగు తగ్గించి, చాలనుకున్నప్పుడు వేలు తీసేయగలగడం దాని చలవే.

ఇలా దొరికేది సుమారు 200 మైక్రోజౌళ్లు. దానితో 20 వాట్ల ట్యూబు సెకనులో లక్షో వంతు సేపే వెలుగుతుంది. స్విచ్ మాత్రం దానితోనే తన గుర్తింపు సంఖ్యనూ, ఏ వైపు నొక్కారో ఆ కబురునూ పంపేస్తుంది. ఒక్కో కబురు సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. జవాబు వినడానికి శక్తి మిగలదు కాబట్టి, అదే కబురును సమానం కాని వ్యవధుల్లో మూడుసార్లు చెబుతుంది. పక్క స్విచ్ అదే క్షణంలో మాట్లాడినా ఏదో ఒకటి చేరుతుంది. వినే భారమంతా కరెంటు ఎప్పుడూ ఉండే రిసీవరుది. జర్మనీలో సీమెన్స్ నుంచి 2001లో విడివడిన ఎన్‌ఓషన్ సంస్థ ఈ పద్ధతికి పేరు తెచ్చింది.

బ్యాటరీ వద్దన్న ఆలోచన ఇంకా పాతది. అమెరికాలో జెనిత్ సంస్థ 1955లో వెలుగుతో సైగ చేసే టీవీ రిమోట్ తెచ్చింది. తెరమీద ఎండ పడితే ఛానళ్లు వాటంతటవే మారేవి! మరుసటి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ బృందం తెచ్చిన రిమోట్‌లో ఉన్నవి అల్యూమినియం కడ్డీలూ, వాటిని కొట్టే చిన్న సుత్తులే. మన చెవికి అందని ఆ మోతను టీవీ వినేది. బ్యాటరీ అయిపోతే జనం టీవీయే పాడైందనుకుంటారని అమ్మకాల విభాగం భయపడింది. ఆ భయం ఎంత చక్కటి యంత్రాన్ని పుట్టించిందో చూడండి.

పొదుపు మాటకొస్తే నాకు ఒక ఫిర్యాదు ఉంది. స్విచ్ ఏమీ తినదు కానీ, రిసీవరు రాత్రింబవళ్లు వింటూనే ఉంటుంది. అది అర వాటు తిన్నా ఏడాదికి నాలుగు యూనిట్లు దాటుతాయి. రోజుకు గంటా ఇరవై నిమిషాలు వెలిగే 9 వాట్ల బల్బు వాడేదీ అంతే. కాబట్టి ఒక్క బల్బుకు ఒక రిసీవరు పెడితే నష్టమే. పది ట్యూబుల వరసకు ఒకటి పెట్టి, కిటికీ పక్క వరసను పగలు ఆర్పితే లాభం. అమ్మేవాళ్లు స్విచ్ గొప్పే చెబుతారు. మీరు మాత్రం రిసీవరు ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు తింటుందో అడగండి.