స్ప్రింగ్ కొనే ముందు టేపు తీయండి

మా చిన్నాన్న కొడుక్కి కారు కిందికి దించాలని ఆశ. "అన్నా, లోయరింగ్ స్ప్రింగులు ఆన్‌లైన్లో దొరుకుతాండాయి. ఇంటికాడే వేసేద్దాం" అంటాడు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైనా చదివింది ఇంజినీరింగే. అందుకే ముందు లెక్క చూద్దామన్నాను.

2018 మోడల్ స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. 40 దించితే మిగిలేది 123. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100. వీధిలో ఎవరింటి ముందు వాళ్లు పోసుకునే సిమెంటు దిమ్మెలకు ఆ ప్రమాణం తెలీదు కదా! పైగా ఐదుగురు ఎక్కితే బండి ఇంకా కుంగుతుంది. కోసిగిలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అర్ధరాత్రైనా ఆదోనికి పరుగెత్తాలి. అప్పుడు కారు నిండా మనుషులే.

ఇక ఇంటి దగ్గర బిగించడం. ముందు చక్రాల దగ్గర షాక్ అబ్జార్బర్ చుట్టూనే స్ప్రింగ్ ఉంటుంది. దాన్ని బండి నుంచి విప్పాక కూడా స్ప్రింగ్ నొక్కుకునే ఉంటుంది. పైనున్న నట్టే దాన్ని ఆపేది. కంప్రెసర్‌తో రెండు వైపులా సమానంగా నొక్కకుండా ఆ నట్టు జోలికి పోకూడదు. సెంటీమీటరు నొక్కడానికి 25 కిలోల బలం కావాల్సిన స్ప్రింగ్ అనుకోండి. 15 సెంటీమీటర్లు నొక్కితే అది 375 కిలోల బలంతో తిరిగి తన్నుతుంది. కంప్రెసర్ జారితే ఎదురుగా ఉండేది మన ముఖమే.

మన నల్లరేగడి నేలలో జాకీ దిగబడిపోతుంది. గట్టి నేల, స్టాండ్లు లేకుండా బండి కింద దూరడం ప్రాణంతో ఆటే.

పని అయ్యాక కూడా ఖర్చుంది. బండి ఎత్తు మారితే చక్రాల కోణం మారుతుంది. వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి.

చట్టం సంగతీ చూడాలి. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు.

అందుకే నా సలహా ఒకటే. ఇంట్లోవాళ్లందర్నీ కారెక్కించి, కింద అన్నిటికన్నా తగ్గుగా ఉన్న భాగం నుంచి నేలకు ఎంతుందో టేపుతో కొలవండి. అందులోంచి 40 తీసేయండి. మిగిలిన అంకె చూశాకే కార్టులో వేసుకోండి.