కుంటే కుక్కకు దాని రక్తమే మందా?

ఆటలో పడి మోకాలు గీరుకుపోతే రక్తం కారుతుంది. కాసేపటికి గడ్డకట్టి ఆగిపోతుంది. కొన్నాళ్ళకు పక్కు రాలి, దాని కింద కొత్త చర్మం కనిపిస్తుంది. ఈ పనిని మొదలుపెట్టేవి రక్తఫలకికలు. వీటినే ప్లేట్‌లెట్లు అని కూడా అంటారు. ఇవి మనకూ ఉన్నాయి, కుక్కలకూ ఉన్నాయి. కుక్కల కీళ్ళనొప్పికి వీటిని మందుగా వాడడం పశువైద్యులు మొదలుపెట్టారు. అదెలాగో చూద్దాం.

చిన్న ముక్క, పెద్ద పని

రక్తఫలకిక పూర్తి కణం కాదు. ఎముక మజ్జలోని పెద్ద కణాలనుంచి విడివడిన చిన్న ముక్క. దీనికి కేంద్రకం ఉండదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క రక్తంలో ఘనపు మిల్లీమీటరుకు ఇవి సుమారు 2 లక్షలనుంచి 5 లక్షల వరకు ఉంటాయి.

రక్తనాళం దెబ్బతిన్నచోట ఇవి గుమిగూడి అతుక్కోవడాన్ని 1882లో ఇటలీ శాస్త్రజ్ఞుడు బిజోజెరో వివరించాడు. రక్తం ఆపడమే వీటి పని అని చాలాకాలం అనుకున్నారు. 1974లో అమెరికాలో రసెల్ రాస్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. కోతి రక్తనాళాలనుంచి తీసిన కండర కణాలను పాత్రల్లో పెంచారు. గడ్డకట్టిన రక్తపు సీరం పోస్తే కణాలు బాగా వృద్ధిచెందాయి. రక్తఫలకికలు లేని ప్లాస్మానుంచి చేసిన సీరం పోస్తే అంతగా పెరగలేదు. దానికి రక్తఫలకికలను చేర్చి చూస్తే మళ్ళీ పెరిగాయి! అంటే కణాలను వృద్ధిచేసే పదార్థం రక్తఫలకికల్లో ఉన్నదన్నమాట. ఇటువంటి పదార్థాలను వృద్ధికారకాలు అంటారు.

రక్తం చేరని చోటు

కీలులో ఎముకల చివరలను నున్నగా కప్పి ఉండేది మృదులాస్థి. దానిలో రక్తనాళాలు లేవు. అందువల్ల అది అరిగితే చర్మంలాగా మానదు. మరి, రక్తం తనంతట తాను పోలేనిచోటికి రక్తఫలకికలను సూదితో పంపితే? ఈ చికిత్సకు మూలం ఈ ఆలోచనే.

ముందుగా కుక్క సిరనుంచి కొంత రక్తం తీసి, గడ్డకట్టకుండా సిట్రేటు కలుపుతారు. దానిని అపకేంద్ర యంత్రంలో వేగంగా తిప్పుతారు. బరువైన ఎర్రకణాలు అడుగుకు చేరతాయి. రక్తఫలకికలు దండిగా ఉన్న ప్లాస్మాను వేరుచేసి, నొప్పిగా ఉన్న కీలులోకి ఎక్కిస్తారు.

తగ్గిందని ఎలా తెలుస్తుంది?

కుక్క నోరు తెరిచి చెప్పలేదు. పెంచేవారికేమో తగ్గాలనే ఆశ. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, అసలు మందు ఇవ్వని 58 కుక్కలను పరిశీలించారు. కొలతల్లో మెరుగు లేకపోయినా, తమ కుక్క బాగయిందని నూటికి సుమారు 40 మంది యజమానులు చెప్పారు! పశువైద్యులు కూడా ఇలాగే పొరబడ్డారు.

అందుకే నేలలో అమర్చిన బలమాపక పలకమీద కుక్కను నడిపిస్తారు. ఏ కాలు ఎంత బలంతో మోపిందో అది అంకెల్లో చూపుతుంది. 2013లో ప్రచురించిన ఒక పరీక్షలో 20 కుక్కలను తీసుకొని, కొన్నింటి కీళ్ళలోకి రక్తఫలకికలను, మిగతావాటికి ఉప్పునీటి ద్రావణాన్ని ఎక్కించారు. 12 వారాల తరవాత రక్తఫలకికలు పొందిన కుక్కలు నొప్పికాలిని మునుపటికంటే గట్టిగా మోపాయి. ఉప్పునీటి జట్టులో అటువంటి మెరుగు లేదు.

ఇది ఆశ కలిగించే ఫలితమే. కాని 20 కుక్కలు తక్కువే. పైగా రక్తఫలకికలను సిద్ధంచేసే పద్ధతినిబట్టి వాటి మోతాదు మారుతుంది. నొప్పి తగ్గడం వేరు, అరిగిన మృదులాస్థి తిరిగి పెరగడం వేరు. రెండవది జరుగుతుందని ఈ పరీక్ష నిరూపించలేదు. లావెక్కిన కుక్క బరువు తగ్గించడంవంటి పాత జాగ్రత్తలు ఇప్పటికీ అవసరమే.

మీరూ గమనించండి

ముందుకాలు కుంటే కుక్క కనిపిస్తే దూరంనుంచే చూడండి. నొప్పికాలు నేలను తాకినప్పుడు అది తల పైకెత్తుతుంది. మంచికాలు తాకినప్పుడు దించుతుంది. తల ఎత్తితే నొప్పికాలిమీద భారం తగ్గుతుంది. పది అడుగులు లెక్కపెట్టి, తల ఎన్నిసార్లు లేచిందో పుస్తకంలో రాసుకోండి. వారం తరవాత మళ్ళీ లెక్కపెట్టి, రెండు అంకెలూ పోల్చి చూడండి.