ఇంక్‌స్కేప్‌లో గ్రూప్ వేరు, లేయర్ వేరు: తేడా తెలిస్తే సగం తలనొప్పి తగ్గినట్టే!

రాత్రి పదకొండయింది. వినాయక చవితి ఫ్లెక్సీ డిజైన్ దాదాపు అయిపోయింది. యూత్ పేరు కాస్త పైకి జరుపుదామని మౌస్‌తో లాగారు. పేరు కదల్లేదు, వెనకున్న బ్యాక్‌గ్రౌండ్ మొత్తం కదిలింది! అన్‌డూ కొట్టి మళ్లీ లాగితే ఈసారి ఒక్క అక్షరమే వచ్చింది, దాని వత్తు అక్కడే ఉండిపోయింది. ఇలా మీకూ జరిగిందా? అయితే సమస్య మీ మౌస్‌లో లేదు, ఫైల్‌ని సర్దుకున్న తీరులో ఉంది.

గ్రూప్ అంటే ఒక కట్ట

కొన్ని బొమ్మలు ఎప్పుడూ కలిసే కదలాలి అనుకుంటే వాటిని సెలెక్ట్ చేసి కంట్రోల్+జి నొక్కండి. విడదీయాలంటే కంట్రోల్+షిఫ్ట్+జి. లోపలి ఒక్క ముక్క రంగు మార్చడానికి గ్రూప్‌ని విప్పక్కర్లేదు. కంట్రోల్ పట్టుకుని ఆ ముక్క మీద క్లిక్ చేస్తే చాలు. డబుల్ క్లిక్ చేస్తే గ్రూప్ లోపలికే వెళ్లొచ్చు.

తెలుగు టెక్స్ట్‌ని పాత్‌గా మార్చినప్పుడు ఇది మరీ ముఖ్యం. అప్పుడు ఇంక్‌స్కేప్ ఆ ముక్కలన్నిటినీ ఒక గ్రూప్‌గా ఇస్తుంది. దాన్ని విప్పేస్తే అక్షరం ఒకవైపు, వత్తు ఇంకోవైపు పోతాయి. కాబట్టి దాన్ని అలాగే ఉంచండి.

లేయర్ అంటే ఒక పారదర్శక షీట్

షీట్ మీద షీట్ పేర్చినట్టు ఊహించుకోండి. కింద బ్యాక్‌గ్రౌండ్, దానిపైన ఫొటోలు, అన్నిటికన్నా పైన అక్షరాలు. కొత్త లేయర్‌కి కంట్రోల్+షిఫ్ట్+ఎన్, ప్యానెల్ తెరవడానికి కంట్రోల్+షిఫ్ట్+ఎల్. 2022లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి లేయర్లు, ఆబ్జెక్టులు ఒకే ప్యానెల్‌లో కనిపిస్తున్నాయి. అక్కడ కన్ను గుర్తు నొక్కితే లేయర్ మాయం, తాళం గుర్తు నొక్కితే లాక్. బ్యాక్‌గ్రౌండ్‌ని లాక్ చేసి ఉంటే పైన చెప్పిన కథ జరిగేదే కాదు!

ఒకే లేయర్‌లో బొమ్మని పైకీ కిందికీ జరపాలంటే పేజ్ అప్, పేజ్ డౌన్. పై లేయర్‌లోకే పంపాలంటే షిఫ్ట్+పేజ్ అప్.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు

వేర్వేరు లేయర్లలోని బొమ్మల్ని కలిపి గ్రూప్ చేస్తే అవన్నీ ఒకే లేయర్‌లోకి వచ్చేస్తాయి. కింద ఉండాల్సినది పైకొచ్చి మిగతావాటిని కప్పేయొచ్చు. తర్వాత గ్రూప్ విప్పినా పాత లేయర్లకి వాటంతట అవి తిరిగి వెళ్లవు. అందుకే గ్రూప్ చేసేది ఒకే లేయర్ లోపల చేయండి.

ఇంకో సంగతి. గీస్తుంటే ఏమీ పడట్లేదా? మీరున్న లేయర్ లాక్ అయి ఉందేమో, కన్ను మూసి ఉందేమో ముందు చూడండి.

అసలు రహస్యం ఏంటంటే, ఎస్‌వీజీ ఫైల్ లోపల ఇంక్‌స్కేప్ లేయర్ కూడా ఒక గ్రూపే, దానికి 'లేయర్' అని చిన్న గుర్తు తగిలిస్తారంతే. అందుకే అదే ఫైల్‌ని వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే లేయర్లు మామూలు గ్రూప్‌లుగా కనిపించొచ్చు. కంగారు పడకండి, బొమ్మ ఎక్కడికీ పోదు.

ఈసారి కొత్త ఫైల్ తెరవగానే ఓ మూడు లేయర్లు పెట్టి, వాటికి పేర్లు ఇచ్చి, తర్వాతే గీయడం మొదలుపెట్టండి. ఒక్క నిమిషం పని. చివరి నిమిషంలో "అన్నా, ఫొటో ఒక్కటి మార్చవా" అని ఫోన్ వచ్చినా హాయిగా మార్చేయొచ్చు.