ఇరవై ఎనిమిది రోజుల నెల

మన తీరంలో అక్షరం రానివారు ఉండవచ్చు గాని కౌంటు రానివారు ఉండరు. ఇందుకూరుపేట నుండి మైపాడు దాకా ఏ రొయ్యల గుంట గట్టు మీద ఎవరిని ఆపి అడిగినా చెప్తారు. కిలోకు ముప్పై రొయ్యలు తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. కొనుగోలుదారు గట్టు మీద కాటా పెట్టి "తొంభై కౌంటు" అనగానే మన రైతు "ఏదీ, ఇంకోసారి వెయ్యి" అని పక్కనే గొంతుకు కూర్చుని ఒక్కొక్క రొయ్యను లెక్కపెడతాడు. కొనేవాడు సొంత బావమరిది అయినా సరే, లెక్క లెక్కే.

ఇంత జాగ్రత్త గల మనము జేబులోని సెల్‌ఫోను దగ్గరకు వచ్చేసరికి మాత్రం లెక్క మరిచిపోతాము. అంగడి అబ్బాయి "నెల ప్యాకు" అంటే నెల అనే నమ్ముతాము. ఆ నెల ఏ క్యాలెండరులో ఉందో అడగము.

అవ్వ ఫోనులో ఆడమనిషి

మా వీధిలో ఒక అవ్వ ఉంది. ఆమెది బొత్తాల ఫోను. కొడుకు చెన్నై వైపు మరబోటు మీద పనికి పోతుంటాడు. బోటు ఒడ్డుకు చేరే రోజు రాత్రి ఏడు గంటలకు అవ్వే ఫోను చేసి "వచ్చినావా నాయనా" అని అడుగుతుంది. ఆ ఫోనుతో ఆమెకున్న పని అంతే. పాటలు వినదు, బొమ్మలు చూడదు.

ఒక వాయుగుండం రోజున, తెల్లవారీ తెల్లవారకముందే, ఆమె మా గుమ్మంలో నిలబడి ఉంది. "అయ్యా, రాత్రంతా చేస్తానే ఉండా. ఎవరో ఆడమనిషి ఎత్తి ఏందో చెప్తా ఉంది. మా అబ్బాయికి ఇవ్వమ్మా అంటే ఇవ్వదు" అన్నది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నవ్వాలో ఏడవాలో మాకు తెలియలేదు. ఆ ఆడమనిషి కంపెనీ వారు మాట్లాడించే రికార్డు. గడువు తీరింది, రీఛార్జు చేయించుకోండి అని ఆమె రాత్రంతా ఓపికగా చెప్తూనే ఉంది.

మా ఫోను నుండి కలిపితే కొడుకు దొరికాడు. బోటు ముందురోజు మధ్యాహ్నమే క్షేమంగా ఒడ్డు చేరింది. ఎప్పుడూ అమ్మే చేస్తుంది గదా, ఇప్పుడో ఇంకాసేపటికో చేస్తుందిలే అని అతడు చూస్తూ చూస్తూ నిద్రపోయాడట.

"ఒకటో తారీఖు పింఛను చేతికి రాగానే వేయించినా గదయ్యా, ఇంకా నెల కాలేదే" అన్నది అవ్వ. ఆమె లెక్క తప్పు కాదు. ఆ నెలకు ముప్పై ఒక్క రోజులు. ప్యాకుకు ఇరవై ఎనిమిదే. పింఛను సంవత్సరానికి పన్నెండుసార్లు వస్తుంది, రీఛార్జు పదమూడుసార్లు పోతుంది. 365ను 28తో భాగించి చూడండి, మీకే తెలుస్తుంది. ఆ పదమూడో నెలకు పేరు లేదు, పండుగ లేదు, జీతం లేదు. ఖర్చు మాత్రం ఉంది.

దొంగ త్రాసు గురించి సామెతల గ్రంథం ఏమి చెప్పిందో మనకు తెలుసు. అయితే న్యాయంగా మాట్లాడుకోవాలి. ఇరవై ఎనిమిది రోజులని కంపెనీ వారు స్పష్టంగానే రాస్తారు. నెల అని పేరు పెట్టుకున్నది మనమే. ముల్లు చూడకుండా సంచి పట్టిన తప్పు మనది.

మేత వేసేవాడి ప్రేమ

ఈ కొలతల కథ పాతదే. 1995 జూలై 31న కలకత్తా నుండి జ్యోతిబసు గారు ఢిల్లీలోని సుఖ్‌రాం గారితో సెల్‌ఫోనులో మాట్లాడారు. మన దేశంలో సెల్‌ఫోను సేవలు మొదలైన రోజు అది. ఆ తొలి సంవత్సరాలలో మనకు వచ్చిన ఫోనుకూ మనమే డబ్బు కట్టాలి. చుట్టాలు ఊరికే పలకరించినా బిల్లు మనకే! 2003లో గాని ఆ బాధ తప్పలేదు. తరువాత నిమిషాల లెక్క మిగిలింది. అరవై ఒక్క సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాల పైకం. ఆ ఒక్క సెకనులో "ఉంటానే" అని కూడా పూర్తిగా అనలేము. 2009లో టాటా డొకోమో వారు సెకనుకు పైసా లెక్క తెచ్చారు. మిగిలినవారికీ వెంట నడవక తప్పలేదు. సంతలో అంగళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు కాటాలు తిన్నగా తూగుతాయి.

2016 సెప్టెంబరు 5న రిలయన్స్ జియో వచ్చింది. మాటలూ ఉచితం, ఇంటర్నెట్టూ ఉచితం. మొదట ఆ ఏడు డిసెంబరు వరకు అన్నారు, తరువాత 2017 మార్చి వరకు పొడిగించారు. ఊళ్లలో కుర్రవాళ్లు అన్నం మరిచిపోయారు. రొయ్యలు సాగుచేసే మనకు ఇక్కడ ఒక అనుమానం రావలసింది. గుంటలో ఎవరైనా మేత చల్లితే రొయ్య మీద ప్రేమతో చల్లుతారా? మేత వేసి, చెక్‌ట్రే ఎత్తి, ఎంత తిన్నదో చూసి, పట్టుబడి రోజు కోసం ఎదురుచూడరా?

పోటీకి నిలవలేక కంపెనీలు ఒక్కొక్కటే తగ్గాయి. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. అదే సంవత్సరం వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. టెలినార్, ఆపైన టాటా వారి సెల్‌ఫోను వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిశాయి. చివరకు ప్రైవేటువారు ముగ్గురు, ప్రభుత్వానిది బి.ఎస్.ఎన్.ఎల్. మిగిలారు. సంతలో అంగళ్లు తగ్గాయి గదా! 2019 డిసెంబరులో ధరలు పెరిగాయి. 2021 చివర పెరిగాయి. 2024 జూలైలో మళ్లీ పెరిగాయి. ముగ్గురూ కొద్ది రోజుల తేడాతోనే పెంచారు. మేము కంపెనీలను తిట్టడం లేదు. టవర్లకు, అప్పులకు వారికీ ఖర్చులున్నాయి. "ఉచితం" అనే మాట విన్నప్పుడు పట్టుబడి రోజు ఎప్పుడని అడగడం నేర్చుకుందామని మాత్రమే అంటున్నాము.

ఫోను వద్దనడం లేదు

కొందరు పెద్దలు ఆరాధన మధ్యలో ఫోను మ్రోగితే "దీనిని సముద్రంలో పారవేయండి" అంటారు. తొందరపడవద్దు. సముద్రంలోనే దాని విలువ తెలుస్తుంది. కేరళ తీరంలో 1997 నుండి 2001 వరకు సెల్‌ఫోన్లు ఒక్కొక్క ప్రాంతానికే వచ్చాయి. రాబర్ట్ జెన్సెన్ అనే పరిశోధకుడు అక్కడి నూనె కవళ్ల అమ్మకాలను పరిశీలించి 2007లో ప్రచురించాడు. బోటు మీదినుండే ఏ రేవులో ఏ ధర ఉందో కనుక్కోవడం మొదలైనాక, కొనేవారు లేక చేపలు పారవేయడం తప్పింది. జాలరుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. ఇద్దరూ బాగుపడ్డ బేరం లోకంలో అరుదు.

మనకు హైదరాబాదులో 1999లో స్థాపించిన ఇన్‌కాయిస్ సంస్థ ఉంది. సముద్రపు నీటి వేడిమిని, రంగును ఉపగ్రహాలు చూసి చెప్తే, చేపలు ఎక్కడ దొరకవచ్చునో ఈ సంస్థ వారు తెలుపుతారు. అలల ఎత్తును గురించి, సునామీని గురించి హెచ్చరికలు ఇస్తారు. అయితే మామూలు ఫోనుకు ఒడ్డు నుండి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే సిగ్నలు అందదు. అందుకే 2019లో జెమిని అనే చిన్న పరికరం తెచ్చారు. ఆకాశం నుండి వచ్చిన హెచ్చరికను అది అందుకొని జాలరి ఫోనుకు చేరుస్తుంది. దానితో వినడమే గాని తిరిగి పలకడానికి లేదు. ఆపదలో ఉన్నవాడు కబురు పంపడానికి, ఆ కబురు అందిందని అతనికి తెలియడానికి, ఇస్రో వారి కొత్త పరికరం 2024లో వాడుకలోకి వచ్చింది.

ఇంత పని చేయగల వస్తువు మూడు రోజుల లెక్క తేడా వలన మూగబోవడమే మా బాధ.

కౌంటు వేసే విధము

సంతోషకరమైన సంగతి ఏమనగా, నియంత్రణ సంస్థ ట్రాయ్ వారు 2022 జనవరిలో ఒక ఆజ్ఞ ఇచ్చారు. ముప్పై రోజుల ప్యాకు, ప్రతినెలా అదే తారీఖున వేయించుకోదగిన ప్యాకు ప్రతి కంపెనీ ఉంచాలి. 2024 డిసెంబరులో మరొక ఆజ్ఞ వచ్చింది. ఇంటర్నెట్టు అక్కరలేనివారికి మాటలు, మెసేజీలు మాత్రమే గల ప్యాకు ఇవ్వాలి. గడువు 365 రోజుల దాకా ఉండవచ్చు. అంతవరకు మా అవ్వ చూడని బొమ్మలకు, వినని పాటలకు కూడా డబ్బు కట్టిందన్నమాట.

ఈ ప్యాకులు అంగడి గోడ మీది రంగుల కాగితంలో పెద్ద అక్షరాలలో కనబడవు. అడిగి తీసుకోవాలి. కనుక రీఛార్జు చేయించేటప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఎన్ని రోజులు? అందులో నేను వాడేది ఎంత? రోజుకు ఎంత పడుతుంది? మొత్తం ధరను రోజులతో భాగించి, రెండు మూడు ప్యాకులను పక్కపక్కన పెట్టి చూడండి. ఇదే ఫోను కౌంటు. మీ ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లవానికి అప్పగించండి, క్షణంలో చేస్తాడు. వాడి లెక్కల చదువుకు అంతకన్న మంచి పరీక్ష లేదు. గడువు తీరే తారీఖును గోడ క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టండి. ఇంట్లో లేక ఇంటి పక్కన బొత్తాల ఫోనుతో ఒంటరిగా ఉన్న ముసలివారుంటే వారి తారీఖు కూడా చుట్టండి.

మేము ఆ ఉదయమే అవ్వను అంగడికి తీసుకొని పోయాము. మాటల ప్యాకు ఉందా అంటే కుర్రవాడు మొదట లేదన్నాడు. తరువాత వెతికితే దొరికింది. రోజుల లెక్క చెప్పించుకొని, అవ్వ వేళ్ల మీద ఎంచుకున్నది. ఆమె ఒకప్పుడు రొయ్యలు గ్రేడింగు చేసే కూలికి పోయిన మనిషి. లెక్క సరిపోయినాక మావైపు తిరిగి, "ఇంక ఆ ఆడమనిషి అడ్డం రాదు గదయ్యా?" అన్నది.

రాదన్నాము. ఆ రాత్రి ఏడు గంటలకు గోడ అవతలినుండి "వచ్చినావా నాయనా" అన్న మాట మాకు స్పష్టంగా వినబడింది.