డాక్టరు గారి ఫియట్: పాత ఇంజనా, కొత్త ఇంజనా?

పాలకొల్లుకు దగ్గర్లో కాలువ గట్టున ఉన్న ఒక గ్రామం. పెంకుటింటి వెనక, కొబ్బరి మట్టలు కప్పిన పాకలో ముప్పై ఏళ్ళుగా కదలకుండా నిలబడి ఉంది ఒక చిన్న కారు. 1968 నాటి ఫియట్ 1100 అది. ఊళ్ళో ఫియట్ అంటే ఎవరికీ తెలియదు. 'డాక్టరు గారి బండి' అంటే చిన్న పిల్లవాడైనా దారి చూపిస్తాడు.

ఆ బండిని ఇప్పుడు పాకలోంచి బయటికి తీశారు. తీసిన రోజు నుంచీ ఆ ఇంట్లో ఒకటే చర్చ. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే బాగు చేయించాలా? లేక కొత్త ఇంజను వేయించి రోజూ తిరిగేటట్టు మార్చుకోవాలా? ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన అన్న గారిది మొదటి వాదన. వ్యవసాయం, చేపల చెరువులు చూసుకునే తమ్ముడు గారిది రెండో వాదన. పేర్లు మాత్రం పేపర్లో వద్దని ఇద్దరూ కోరారు.

అర్ధరాత్రి హారను

వీరి తండ్రి ఆ చుట్టుపక్కల చాలా ఏళ్ళు వైద్యం చేశారు. కారు కోసం బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూడాల్సిన రోజులవి. ఆ బండిలోనే అర్ధరాత్రి వేళ నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను నరసాపురం ఆసుపత్రికి చేర్చేవారు. కాలువ వంతెన దగ్గర హారను వినిపిస్తే ఎవరింట్లోనో పురుడు వచ్చిందని ఊరికి తెలిసిపోయేదట.

"మా పెద్దాడు ఆ బండిలోనే పుట్టాడండి. ఆసుపత్రి గేటు ఇంకా రాలేదు" అని చెప్పింది పొరుగింటి ముసలమ్మ. ఆ 'పెద్దాడు' ఇప్పుడు మనవల్ని ఎత్తుకు తిరుగుతున్నాడు.

1994లో డాక్టరు గారి చూపు మందగించడంతో బండి పాకలోకి చేరింది. రెండేళ్ళకు ఆయనా పోయారు. అన్నదమ్ములు ఎవరి పనుల్లో వారు పడిపోయారు. ఈ మధ్య పాత ఇనుము కొనేవాడు వచ్చి బేరం పెట్టడంతో ఇద్దరికీ ఒకేసారి మెలకువ వచ్చింది.

ఎవరి బాధ వారిది

"నాన్న చెయ్యి పడిన స్టీరింగు అది. పక్కనే గేరు రాడ్డు. అది కోసేసి కింద గేరు పెడితే ఇంక నాన్న బండి ఏముంది? రేకు మిగులుతుంది" అంటారు అన్న గారు.

తమ్ముడు గారి లెక్క వేరు. "అమ్మకు ఎనభై నాలుగేళ్ళు. నెలకోసారి భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ బండిలో వెళతానని ఆవిడ సరదా. దారి మధ్యలో ఆగిపోయే బండి ఎక్కించనా? మారుతి ఇంజను వేస్తే ఏ ఊళ్ళోనైనా బాగు చేస్తారు. అన్నయ్య మాట కాదనను గానీ, చూసుకోవడానికి బండి ఎందుకండీ?" అని ఈ విలేకరిని ఎదురు ప్రశ్నించారు.

తల్లి గారిని కదిపితే ఆమె నవ్వి ఊరుకోలేదు. "ఆయన ఏనాడూ బండి అందం చూసుకోలేదు. రాత్రిపూట స్టార్టు అవుతుందా లేదా, అదొక్కటే చూసుకునేవారు" అన్నారు. ఈ మాట తమ్ముడు గారికి బలమిచ్చింది. అన్న గారు కాసేపు మాట్లాడలేదు.

ముందు చూడాల్సింది ఇంజను కాదు

ఈ తగవు తేల్చడానికి విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం ఫియట్ బళ్ళు విప్పిన ఒక వృద్ధ మెకానిక్‌ను పిలిపించారు. ఆయన బానెట్ ఎత్తనే లేదు. నేల మీద గోనె పరుచుకుని కారు కిందికి దూరారు. చేతిలో ఒక స్క్రూడ్రైవరు, ఒక అయస్కాంతం.

దీనికి కారణం ఉంది. లారీకి, జీపుకు ఉన్నట్టు ఈ కారుకు విడిగా చాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింద పెట్టెలా మడిచిన గుమ్మం రేకులు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసే బరువు మోస్తాయి. ఒకప్పుడు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు అయితే చాసిస్ వేరు, బాడీ వేరు. బోల్టులు విప్పి బాడీని పైకి ఎత్తేయవచ్చు. ఫియట్‌లో అది కుదరదు. గుమ్మం రేకు తుప్పు పట్టిందంటే ఇంటికి దూలం పుచ్చినట్టే. అలాంటి బండికి ఎంత గొప్ప ఇంజను వేసినా గోతిలో పడ్డ రోజున తలుపులు మూసుకోవు.

స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే కుడివైపు గట్టిగా ఉంది. ఎడమవైపు గుమ్మం మాత్రం అట్టముక్కలా లోపలికి దిగిపోయింది. ఎడమ ముందు మడ్‌గార్డుకు అయస్కాంతం అంటుకోలేదు. పైన రంగు నున్నగా ఉన్నా, లోపల ఉన్నది రేకు కాదు, ఎప్పుడో పూసిన లప్పం. మన డెల్టా తేమకు, సముద్రపు గాలికి ఇది మామూలేనని మెకానిక్ చెప్పారు.

"పాత ఇంజను ఉంచినా, కొత్తది వేసినా ఈ రేకు పని తప్పదు. ఖర్చు ఎక్కువయ్యేది దీనికే. ముందు దీని సంగతి చూసి తర్వాత తగువులాడుకోండి" అని ఆయన తేల్చారు.

రెండోది బ్రేకులు. ఈ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఆయిలు గొట్టాల వరస ఒకటే కాబట్టి ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. అందుచేత రబ్బర్లు, గొట్టాలు మొత్తం కొత్తవి వేయాల్సిందే. ఇంజను మూడో వరసలోది. పట్టేసిన ఇంజన్‌ను తాడు కట్టి లాగి స్టార్టు చేయబోతే రింగులు విరుగుతాయి. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో ఆయిలు పోసి, కొన్ని రోజులు నాననిచ్చి చేత్తో తిప్పి చూడాలి. వారం నానబెట్టిన తర్వాత ఈ 1089 సి.సి. ఇంజను కదిలింది. ఆ సాయంత్రం అన్న గారి ముఖం చూడాల్సిందే.

సామాను దొరుకుతుందా?

తమ్ముడు గారి భయం సామాను గురించి. ఇది కొంతవరకు తీరే భయమే. ముంబైలోని ప్రీమియర్ కంపెనీ ఈ కారునే 1974 నుంచి 'పద్మిని' పేరుతో ఇరవయ్యో శతాబ్దం చివరి దాకా తయారు చేసింది. చాలా భాగాలు దీనికీ సరిపోతాయి. ముంబై రోడ్ల మీద నలుపు, పసుపు పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి. ముంబైలోను, చెన్నైలోని పుదుపేటలోను వెతికేవారికి పాత భాగాలు ఇప్పటికీ చేతికి అందుతున్నాయి.

పెట్రోలు విషయంలో మాత్రం పాత పద్ధతి పనికిరాదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పాత రబ్బరును ఉబ్బిస్తుంది. కాబట్టి పెట్రోలు గొట్టాలు, పంపులోని పొర, కార్బొరేటర్ రబ్బర్లు దాన్ని తట్టుకునే రకం వేసుకోవాలి. టాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచరాదు. ఎంత అసలు రూపం కావాలన్నా, ఈ మార్పు చేయక తప్పదు.

చట్టం ఏమంటుంది?

కొత్త ఇంజను వేయడం మెకానిక్, యజమాని కలిసి తేల్చుకునే విషయం కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. ఇంజను మార్చాలంటే ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా దగ్గర చిక్కు వస్తుంది.

అన్న గారి దారిలోనూ ఒక మెలిక ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో పాత బళ్ళకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండిని 'వింటేజ్' వాహనంగా నమోదు చేస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. పదేళ్ళు చెల్లుతుంది. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నెంబరు ఉంచుకోవచ్చు. అయితే అలా నమోదైన బండిని రోజువారీ అవసరాలకు గాని, బాడుగకు గాని నడపరాదు. ప్రదర్శనలకు, పాత కార్ల ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయాలి. అంటే అమ్మగారిని భీమవరం తీసుకెళ్ళడం కుదరదు.

అన్నదమ్ములిద్దరూ ఈ సంగతి విని కంగుతిన్నారు.

ఏది వెనక్కి తీసుకోగలం?

చివరికి దారి చూపింది ఆ వృద్ధ మెకానికే. "బోల్టు విప్పితే మళ్ళీ బిగించుకోవచ్చు. రేకు కోస్తే మళ్ళీ అతుకే గాని అసలుది రాదు" అన్నారాయన. డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టుకోవచ్చు, పాతది గ్రీజు రాసి దాచుకోవచ్చు. సీటు బెల్టులు గట్టి చోటు చూసి బిగించుకోవచ్చు. కానీ వేరే ఇంజను కోసం మౌంటింగులు కోసి, కింద గేరు కోసం నేల రేకు తొలిస్తే, రేపు మనసు మారినా లాభం లేదు.

ఇక్కడ కారు పైన ఉన్న ఇనుప కారియరు చర్చకు వచ్చింది. అది కంపెనీది కాదు. డాక్టరు గారు కమ్మరి చేత చేయించుకున్నది. బండి వెళ్ళలేని పొలం గట్ల మీద రోగిని మోయడానికి నులకమంచం దానికి కట్టుకుని వెళ్ళేవారు. అసలు రూపం కావాలంటే దాన్ని తీసేయాలి కదా అని తమ్ముడు గారు అడిగారు. అన్న గారు వెంటనే జవాబివ్వలేకపోయారు. తండ్రి కూడా తన పనికి తగ్గట్టు బండిని మార్చుకున్న మనిషేనన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చిందన్నారు. కాకపోతే ఆయన ఏదీ కోయలేదు. బోల్టులతో బిగించారు. కారియరు అలాగే ఉంచాలని నిర్ణయించారు.

ఇప్పటికి కుదిరిన ఒప్పందం ఇది. ముందు ఎడమవైపు రేకు పని. తర్వాత బ్రేకులు, గొట్టాలు. ఇంజను, గేరు పాతవే. వింటేజ్ దరఖాస్తు ప్రస్తుతానికి వద్దు. మామూలు రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకునేందుకు ప్రయత్నిస్తారు. బండి అసలు రూపంలో ఉన్నంతకాలం వింటేజ్ దారి తెరిచే ఉంటుంది. కోసిన రోజున అది మూసుకుపోతుంది.

జిల్లాలో ఇంకా ఎన్నో పాకల్లో ఇలాంటి బళ్ళు ఉండి ఉంటాయి. వాటిని పాత ఇనుముకు తూచేముందు, కొత్త ఇంజనుకు బేరమాడే ముందు మూడు పనులు చేయడం మంచిది. కిందికి దూరి గుమ్మం రేకు పొడిచి చూడండి. రిజిస్ట్రేషన్ కాగితం వెతికి, అందులోని ఇంజను, చాసిస్ నెంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోల్చండి. బకాయి పన్నులు, హరిత పన్ను, రుసుములు ఎంతో రవాణా కార్యాలయంలో ముందే విచారించండి.

ఈ విలేకరి బయలుదేరే వేళకు టింకరు ఎడమ గుమ్మం రేకుకు సుద్దతో గీత గీస్తున్నాడు. తల్లి గారు వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "హారను మోగుతోందా?" అని అడిగారు. తమ్ముడు గారు బ్యాటరీ తీగలు తగిలించి నొక్కారు. మోగింది. వీధిలో ఇద్దరు ముగ్గురు తలుపులు తీసి చూశారు.