ముట్టుకోకపోయినా కరిగే మందు

ముంబయి పరేల్‌లోని ఈ వైద్యకేంద్రానికి అరవై ఏళ్లు దాటాయి. ఇక్కడి మందు సీసా మీద తేదీ ఒక్కటే చాలదు, గంటా నిమిషమూ ఉండాలి.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. పరేల్ రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో వాడే మందులు మాత్రం ఎవరూ ముట్టుకోకపోయినా కరిగిపోతాయి. పొద్దున ఎనిమిదింటికి వంద పాళ్లున్న టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు మధ్యాహ్నం రెండింటికి యాభై, రాత్రి ఎనిమిదింటికి పాతిక. ఫ్రిజ్‌లో పెట్టినా, సీసపు డబ్బాలో దాచినా లెక్క మారదు. పేషెంటు లోకల్ ట్రైన్ తప్పిపోయి ఆలస్యంగా వస్తే, సిరంజిలోకి ఎంత తీయాలో మళ్లీ లెక్క కట్టాల్సిందే.

మిల్లుల పేటలో అణువు

పరేల్ ఒకప్పుడు నూలు మిల్లుల పేట. తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలకు ఈ చుట్టుపక్కల మిల్లులే అన్నం పెట్టాయి. ఇప్పుడు ఇక్కడ రైలు దిగే ఊళ్లవాళ్లలో చాలామంది ఆస్పత్రుల కోసం వచ్చేవాళ్లే. చేతిలో ఫైలు, భుజాన సంచి. 1941లో తెరిచిన టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి ఇక్కడే ఉంది. దాని అనెక్స్ భవనంలో, జెర్బాయి వాడియా రోడ్డు మీద నడుస్తోంది ఈ కేంద్రం. దీన్ని 1963లో నెలకొల్పింది భాభా అణు పరిశోధన కేంద్రం.

రియాక్టర్లు కట్టేవాళ్లకు వైద్యంతో ఏం పని? ఆ పరిశోధన కేంద్రం ఉన్న ట్రాంబేలో 1956లో అప్సర, 1960లో సైరస్ రియాక్టర్లు మొదలయ్యాయి. వాటిలో ఇలా కరిగిపోయే రేడియో ఐసోటోపులు తయారయ్యేవి. వాటిని రోగి ఒంట్లోకి ఎలా పంపాలో, ఎంత పంపాలో తేల్చడానికి ఆస్పత్రి కావాలి. అదీ చుట్టరికం.

హాట్ ల్యాబ్‌లో పాడి ఆవు

మందులు కలిపే గదిని హాట్ ల్యాబ్ అంటారు. స్కాన్లలో ఎక్కువగా వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయుష్షు, అంటే సగానికి తరిగే సమయం, ఆరు గంటలే. అంత తొందరగా తరిగిపోయేదాన్ని దూరం నుంచి తెప్పించుకుని నిలవ చేయలేరు. అందుకే దాని తల్లిని తెచ్చుకుంటారు. తల్లి పేరు మాలిబ్డినం-99, అర్ధాయుష్షు 66 గంటలు. చిన్న గొట్టంలో నింపిన అల్యూమినా పొడిని అది అంటిపెట్టుకుని ఉంటుంది. చుట్టూ సీసపు కవచం. ఒక పక్క సెలైన్ సీసా, రెండో పక్క గాలి తీసేసిన ఖాళీ సీసా గుచ్చుతారు. ఖాళీ సీసా లాగుతుంటే సెలైన్ గొట్టం గుండా పారుతుంది. తల్లి కదలదు, పిల్ల మాత్రం నీళ్లతో వచ్చేస్తుంది. ఈ పరికరం పేరు జనరేటర్. ల్యాబుల్లో ముద్దుగా ఆవు అంటారు, ఆ పనిని పాలు పితకడం అంటారు. పేరు బాగా అతికింది. పొద్దున పితికితే మర్నాటి పొద్దుటికి పొదుగు మళ్లీ నిండుతుంది. రోజురోజుకూ పాడి తగ్గి, వారానికల్లా వట్టిపోతుంది.

ఆ పాలను ఏ మందుతో కలిపితే అది వెళ్లే చోటికే టెక్నీషియమూ చేరుతుంది. ఒక మందు ఎముకలకు, ఒకటి కిడ్నీలకు, ఇంకొకటి గుండె కండరానికి. ఎక్స్‌రేలో కిరణం బయటి నుంచి ఒంట్లోగుండా దూసుకుపోతుంది. ఇక్కడ కిరణం ఒంట్లోంచే వస్తుంది, గామా కెమెరా దాన్ని పట్టుకుంటుంది. కిడ్నీ ఎలా ఉందన్నదానికన్నా ఎలా పనిచేస్తోందన్నది ఈ బొమ్మలో బాగా తెలుస్తుంది.

2002లో ఈ కేంద్రానికి దేశంలోనే తొలి మెడికల్ సైక్లోట్రాన్, పెట్ స్కానర్ వచ్చాయి. సైక్లోట్రాన్‌లో పుట్టే ఫ్లోరిన్-18 అర్ధాయుష్షు 110 నిమిషాలు. దాన్ని గ్లూకోజ్ లాంటి పదార్థానికి తగిలించి ఎక్కిస్తారు. చాలా రకాల క్యాన్సర్ కణాలకు చక్కెర యావ ఎక్కువ. మెక్కినచోటల్లా స్కాన్‌లో మెరిసి దొరికిపోతాయి.

మెడకు పెట్టిన గురి

థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక మిగిలిన కణాలకు అయోడిన్-131 ఇస్తారు. థైరాయిడ్‌కు అయోడిన్ అంటే ప్రాణం. ఆ ఆకలి పెంచడానికే ఒకటి రెండు వారాల ముందు నుంచి అయోడిన్ ఉప్పు, సముద్రపు చేపలు మానమంటారు. మందు గుళికగానో, గుక్కెడు నీళ్లలాగానో ఉంటుంది. దాని బీటా కణాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటవు. ఉన్నచోటి కణాలనే కాలుస్తాయి. దాని గామా కిరణాలు మాత్రం బయటికొచ్చి, మందు ఎక్కడ చేరిందో కెమెరాకు చెబుతాయి. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారయ్యే లుటీషియం-177ను కూడా ఇలాగే న్యూరోఎండోక్రైన్ కణితుల మీదికి పంపుతున్నారు.

పెద్ద మోతాదు తీసుకున్నవాళ్లు కొన్నాళ్లు విడిగదిలో ఉండాలి. నీళ్లు బాగా తాగాలి. లాలాజలం ఊరడానికి పుల్లటి బిళ్లలు చప్పరించాలి. వాళ్ల మూత్రం నేరుగా మురుగుకాల్వలో కలవదు. ప్రత్యేక ట్యాంకుల్లో రేడియోధార్మికత తగ్గాకే వదులుతారు. అమ్మ పక్క గదిలో ఉన్నా బిడ్డ వెళ్లి ఒళ్లో వాలకూడదు. మందుకన్నా చేదు ఇదే.

రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ పట్టుకుని ఒకరు మీటరు దూరంలో నిలబడతారు. నిన్నటికన్నా ఇవాళ అంకె తక్కువ. హాట్ ల్యాబ్‌లో అందరినీ పరుగులు పెట్టించిన ఆ తరుగుదలే ఇక్కడ పేషెంటు పక్షాన పనిచేస్తోంది. నిలవుండే మందైతే ఒంట్లోకి పంపే ధైర్యం ఎవరికుంటుంది? అంకె హద్దు కిందికి దిగగానే గది తలుపు తీస్తారు. ఇంటికెళ్లాక కూడా కొన్నాళ్లు పిల్లలకు, గర్భిణులకు ఎడంగా ఉండమని చెప్పి పంపుతారు. మిగతా పని రోజులే చూసుకుంటాయి.